నన్ను చంపేసిన పాఠం

ఏడో తారీఖు, మంగళవారం

నేను చావలేదు. అన్నిటికన్నా ముందు ఆ మాట రాయమన్నాను. రాసింది. ఏదీ, చదువు అన్నాను. చదివింది. సరిగ్గానే ఉంది.

రాస్తున్నది కింది వాటాలో ఉండే టైపిస్టు. ఉద్యోగం చేసినన్నాళ్లూ కోర్టు వరండాలో కూర్చుని జనం అర్జీలు టైపు కొట్టిన మనిషి. నాకు అక్షరం రాదు, నోరు వచ్చు. కోడలి మీద వాళ్ల బడి పెద్ద టీచరుకి ఫిర్యాదు రాయించుకుందామని వెళ్తే ఆవిడ పెన్ను మూత కూడా తీయలేదు. కోపంలో రాసిన అర్జీ నిలవదు అక్కా, ఏ రోజు సంగతి ఆ రోజు చెప్పు, తారీఖు వేసి రాసి ఉంచుతాను, కేసు గట్టిపడ్డాక పంపుదాం అంది. అంతవరకూ ఇది మూడో మనిషి కంట పడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. అంటే ఇది నాకోసం నేను చెప్పుకుంటున్నదే. నేను మాట్లాడినట్టు రాయడం తనకు చేతకాదట, అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వస్తుందట. ఎలాగైనా రాయి, అబద్ధం మాత్రం కలపకు అన్నాను. ఆ పని చేసే మనిషి మా ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు.

జరిగింది ఇదీ. పొద్దున వీధి చివర దుకాణానికి సబ్బు కోసం వెళ్లాను. సైన్సు టీచరుగారి అత్తగారికి ఏ సబ్బు కావాలో చూడరా అని దుకాణం ఆయన లోపలికి కేకేశాడు. పక్కనే బడి సంచీ వేసుకుని నిలబడ్డ రెండు జడల పిల్ల చేతిలో ఉన్న పెన్సిళ్లు కింద పడేసుకుంది.

"మీరు మా సైన్సు టీచరుగారి అత్తగారా?"

"అవును."

"చనిపోయిన అత్తగారా?"

దానికి ఉన్నది ఒక్క అత్తే, ఆ ఒక్కత్తినీ నేనే అన్నాను. పిల్ల నా పాదాల వంక చూసింది. అవి ముందుకే ఉన్నాయని చూసుకున్నాక కాస్త ధైర్యం తెచ్చుకుని సంగతంతా చెప్పింది. పోయిన వారం క్లాసులో మా కోడలు ఒక నిజమైన కథ చెప్పిందట. వాళ్ల అత్తగారు ఆసుపత్రి బట్టలుతికే గదిలో పనిచేసేదట. చదువురాని మనిషట. దుప్పట్లు ఇంకా తెల్లగా రావాలని తొట్టెలో బ్లీచింగ్ పౌడరు, బండలు కడిగే యాసిడ్ కలిపిందట. పొగ లేచిందట. పడిపోయిందట. మళ్లీ లేవలేదట. టీచరు కళ్లు తుడుచుకున్నారు, మేమంతా లేచి నిలబడి మౌనం పాటించాం అంది పిల్ల.

"అందరూ లేచారా?"

"అందరూ."

"వెనక బెంచీ వాళ్లు కూడా?"

"వాళ్లే ముందు లేచారు మామ్మా."

సబ్బు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

నా కేసులో మూడు అంశాలు. ఒకటి, నేను చావలేదు. రెండు, కలిపింది నేను కాదు, మా సూపర్వైజరు. మూడు, చదువురాని అనే మాట అక్కడ ఎందుకు? ఆ సూపర్వైజరు చదువుకున్నవాడే. తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుగు లోపలికి రాని మనిషి. అలాంటివాడు పడ్డాడు, నేను నిలబడ్డాను. నాది మొండి ప్రాణం. ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పీ చెప్పీ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కోడలికీ వచ్చు. వచ్చి కూడా చంపేసింది.

ఎనిమిదో తారీఖు, బుధవారం

కోడల్ని నిలదీశాను. కూరగాయలు తరుగుతోంది. కత్తి పీట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది. అబద్ధమాడిన మనిషి అంత నెమ్మదిగా కూర్చుంటే నాకు ఇంకా మండింది.

ముందు ఒక సంగతి రాయాలి. ఈ ఇంట్లో ఏ వస్తువూ దాని మానాన అది ఉండదు. గేటు తుప్పు పడితే పాఠానికి పనికొస్తుందని రంగు వేయనివ్వలేదు, పిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపించింది. మంచం కింద దూదిలో మంచుగడ్డ పెట్టి ఎంతసేపటికి కరుగుతుందో చూస్తుంది. మా అబ్బాయి బస్సు డ్రైవరు. కొండ దిగుతుంటే వాడి బస్సు బ్రేకులు పొగలు కక్కిన సంగతి రాపిడి పాఠంలోకి వెళ్లిపోయింది. పుస్తకంలో ఉన్నది చదివితే పిల్లల చెవిలో పడదట, మనుషులకు జరిగింది చెబితే పడుతుందట. చెప్పుకోనీ, నాకేం. కానీ ఆ బస్సు కథలో నా కొడుకు బతికాడు. బస్సూ బతికింది. నేనెందుకు చావాలి? అదే అడిగాను.

కోడలు అన్న మాట ఉన్నదున్నట్టు రాయమన్నాను.

"ఆ రోజు భోజనాలయ్యాక క్లాసు అత్తయ్యా. సగం మంది నిద్ర, సగం మంది అల్లరి. 'పడిపోయింది' అన్నాను. ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమైపోయారు. 'లేచింది' అంటే ఆ నిశ్శబ్దం పోతుందేమోనని భయమేసింది."

మరి కలిపింది నేనని ఎందుకన్నావంటే, చచ్చిపోయిన మనిషే కలిపితే కథ పొట్టిగా ఉంటుందట. చదువురాని మాట ఎందుకంటే తల దించుకుంది.

మా అబ్బాయి అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలో మా ఇద్దరి మొహాలూ చూసి, చెప్పులు విప్పకుండానే ఏదో మరిచిపోయానని వెనక్కి తిరిగాడు. పెళ్లయిన నాటి నుంచీ వాడు మా ఇద్దరి మధ్యా బ్రేకు మీద కాలేసుకునే బతుకుతున్నాడు.

తొమ్మిదో తారీఖు, గురువారం

మాటల్లేవు. ఆమె మాట్లాడకపోవడం కన్నా నేను మాట్లాడకపోవడం పెద్దది. రాసుకో.

పదో తారీఖు, శుక్రవారం

కేసు దానంతటదే గట్టిపడింది.

నేను బతికే ఉన్నానన్న వార్త రెండు జడల పిల్ల నోట బడంతా పాకింది. ఇంకోవైపు మందుల షాపావిడ పెద్ద టీచరు గదిలో కూర్చుందట. ఆవిడ కొడుకు వెనక బెంచీవాడు. ఆ కథ విన్న రోజు నుంచీ ఒంటరిగా బాత్రూములోకి వెళ్లడం లేదు, అక్కడ బండలు కడిగే సీసా ఉందని. చనిపోయిన మనిషి దుకాణంలో సబ్బులు బేరమాడుతోందట, ఇదేం చదువు, లేనివి చెప్పి పిల్లల్ని బెదరగొట్టడమా అని ఆవిడ అడిగిందట. న్యాయంగా చూస్తే నేను అడగాల్సిన మాటే. వేరేవాళ్ల నోట వింటే మాత్రం ఒళ్లు మండింది. మా ఇంటి మనిషిని అనడానికి ఆవిడెవరు?

పెద్ద టీచరు కోడల్ని పిలిచిందట. కోడలిది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఈసారి ఖాయం చేయాలా వద్దా తేల్చడానికి పదహారో తారీఖున తనిఖీ ఆవిడ వచ్చి క్లాసులో కూర్చుంటుందట. అబద్ధాలు చెబుతుందన్న పేరు అప్పటికే ఆవిడ చెవిన పడితే ఖాయం మాట అటుంచి, ఉన్నదీ ఊడుతుంది. ఈ సంగతులు కోడలు నాతో చెప్పలేదు. మొగుడితో చెబుతుంటే వంటగది గోడ ఇవతల నా చెవిన పడ్డాయి. నేను వినడానికి నిలబడలేదు, మంచినీళ్ల కోసం వెళ్లాను.

సాయంత్రం గేటు దగ్గర పిల్లలు మూగారు. దెయ్యం మామ్మ, దెయ్యం మామ్మ అని గుసగుసలు. కర్ర తీశాను, పారిపోయారు. మళ్లీ వచ్చారు. మళ్లీ తీశాను.

పదకొండో తారీఖు, శనివారం

ఇవాళ కాస్త ముందుగానే వరండాలో కుర్చీ వేసుకున్నాను. గాలి కోసం. పిల్లల కోసం కాదు.

వాళ్లు వచ్చారు. నేను కర్ర తీసే సమయానికే గేటు అవతలి నుంచి ఒక మాట విన్నాను. బ్రేకులు వేడెక్కడం కూడా అబద్ధమేనేమో అంటున్నాడు ఒకడు. తుప్పు కూడానేమో అంది ఇంకో పిల్ల. తుప్పు కళ్లారా చూశాం కదే అంటే, ఏమో, టీచరే రంగు పూశారేమో అంది.

అది విన్నాక కర్ర అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను.

కోడలు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. మాట్లాడకూడదని పట్టుదలగా ఉన్నాను గానీ, ఏమైందే అనేశాను. క్లాసులో ఇప్పుడు ఏం చెప్పినా పిల్లలు, నిజమా టీచర్, ఒట్టేయండి అంటున్నారట. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయంటే ఒట్టు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందంటే ఒట్టు. మొదట నవ్వొచ్చిందట. ఇవాళ మధ్యాహ్నం బోర్డు వైపు తిరిగి నిలబడి చాలాసేపు వెనక్కి తిరగలేదట.

నాకూ నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

పన్నెండో తారీఖు, ఆదివారం

ఇంతవరకూ రాసిందంతా టైపిస్టు అర్జీ పద్ధతిలో పెట్టి వినిపించింది. బాగుంది. కోర్టు వరండాలో నేర్చిన చెయ్యి, ఎక్కడ పొడవాలో అక్కడ పొడుస్తుంది. ఇది పంపితే ఏమవుతుందని అడిగాను. తనిఖీకి ముందే ఇంటి మనిషే ఇలా రాసిచ్చిందంటే ఇంకేముంది, తీసేస్తారు అంది. కళ్లజోడు తుడుచుకుంటూ ఇంకో మాట అంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందక్కా."

రాయడం వరకే నీ పని అన్నాను. అర్జీని మాత్రం ఇంకో రెండు రోజులు అలాగే ఉంచమన్నాను. అక్షరాలు ఆరాలి కదా.

పదమూడో తారీఖు, సోమవారం

ఇవాళ చాలా ఉంది. పెన్నులో సిరా చూసుకోమన్నాను.

పొద్దున్నే కోడలు నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. తనిఖీ ఆవిడ ముందే, క్లాసు ముందే, తాను చెప్పిన కథ అబద్ధమని చెప్పేస్తుందట. నిశ్చయం చేసుకుందట. నీ ఉద్యోగమో అన్నాను. పోతే పోతుంది అంది. పిల్లలు నన్ను నమ్మకపోతే ఆ ఉద్యోగం ఉన్నా ఏం చేసుకోను అత్తయ్యా అంది.

ఏడో తారీఖు నుంచీ నేను కోరుతున్నది ఇదే. తెచ్చి చేతిలో పెట్టినట్టు ఇస్తోంది. తీసుకుని ఊరుకోవాలి కదా. నా నోరు ఊరుకోలేదు.

చెప్పొద్దు అన్నాను. ఆ ఒక్కరోజూ నేను చచ్చే ఉంటాను, కిటికీలు మూసుకుని లోపల కూర్చుంటాను, వరండాలోకి రాను, గేటు దగ్గరికి ఎవరొచ్చినా ఇక్కడ ఏ మామ్మా లేదని చెప్పించు అన్నాను. కావాలంటే మా చెల్లెలి ఇంటికి పోతాను, ఆ దుకాణంలో చూసింది వేరే ముసలమ్మ అని చెప్పు, ముసలివాళ్లంతా ఒకలాగే ఉంటారు అన్నాను. ఇన్ని ఉపాయాలు నా బుర్రలో ఎప్పుడు పుట్టాయో నాకే తెలియదు.

కోడలు నవ్వింది. ఈ వారంలో మొదటిసారి.

"వద్దత్తయ్యా. మీరు బతికే ఉండాలి. బతికుండి మీరే వచ్చి చెప్పాలి."

నాకు పని ఉందన్నాను. ఏం పని అంది. అది నీకెందుకు అన్నాను. ఆ రోజు మూడో పీరియడు అంది.

టైపిస్టుతో ఈ సంగతి చెబితే, అర్జీ చింపేయనా అంది. చింపడం ఎందుకు, ఉండనీ అన్నాను. నేను మెత్తబడలేదు. మెత్తబడ్డానని ఎక్కడైనా రాశావేమో చదువు అన్నాను. రాయలేదట.

పదిహేనో తారీఖు, బుధవారం

గొంతు బాగాలేదు. రేపటికి రాకపోవచ్చని పొద్దున్నుంచీ అందరికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. రేపటికి కట్టుకునే బట్టలు కోడలు ఇస్త్రీ చేసి పెట్టింది. ఇస్త్రీలో వంక పెట్టడానికి చూశాను, దొరకలేదు.

పదహారో తారీఖు, గురువారం

వెళ్లాను.

క్లాసు గది చివర కిటికీ పక్కన తనిఖీ ఆవిడ కూర్చుంది. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది, మొహంలో ఏ భావమూ లేదు. పక్కన పెద్ద టీచరు. నాకు ముందు ఒక కుర్చీ వేశారు. నన్ను చూడగానే గదంతా ఒకటే గుసగుస.

కోడలు బోర్డు ముందు నిలబడింది. సుద్దముక్క రెండు చేతుల్తో పట్టుకుంది. మొదటి మాటలోనే చెప్పేసింది. నేను మీకు చెప్పిన కథలో మూడు అబద్ధాలున్నాయి, ఆవిడ చనిపోలేదు, ఆ రెండూ కలిపింది ఆవిడ కాదు, ఆవిడకి చదువు రాకపోవడానికీ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదు, తప్పు నాది అంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. పెద్ద టీచరు తనిఖీ ఆవిడ వైపు చూసింది. తనిఖీ ఆవిడ ఏదో రాసుకుంది. నాకైతే లేచి ఆ కాగితం లాక్కోవాలనిపించింది.

ఇవాళ కథ నేను చెప్పను, జరిగినావిడ మీ ముందే ఉంది, మీరే అడగండి, అడిగి నిజం మీరే తేల్చండి అంది కోడలు. అని పక్కకు తప్పుకుంది.

ఇక మొదలు. కోర్టులో ప్లీడర్లు కూడా అలా అడగరు. పొగ ఏ రంగు మామ్మా? పసుపూ కాదు ఆకుపచ్చా కాదు, పాచి పట్టిన నీళ్ల రంగు అన్నాను. వాసన? ముక్కులో ఎండుమిరపకాయ కుక్కినట్టు. ఎవరు కలిపారు? సూపర్వైజరు. ఎందుకు? ఒకటి తెల్లగా చేస్తుంది, ఇంకోటి మరకలు తీస్తుంది, రెండూ కలిస్తే రెండింతలు అన్నాడు. నాకూ సబబుగానే తోచింది అన్నాను. నేనైనా కలిపేవాణ్ణి అన్నాడు ఒకడు నిజాయితీగా. అప్పుడు కోడలు, అక్కడే ఉంది కిటుకు, రెండు మంచివి కలిస్తే మూడో మంచిది పుట్టాలని లేదు, అవి కలిస్తే పుట్టేది క్లోరిన్ అని బోర్డు మీద రాసింది.

రెండు జడల పిల్ల లేచింది.

"అంత పెద్ద మనిషి పడిపోతే మీరెందుకు పడలేదు?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. వెన్ను నిటారుగా పెట్టి, నాది మొండి ప్రాణం అన్నాను. ఇన్నేళ్లూ ఆ మాట దగ్గర అందరూ తలాడించేవాళ్లు. కోడలు తలాడించలేదు.

"అది కారణం కాదత్తయ్యా. అప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు?"

అదేం ప్రశ్న అనుకున్నాను. బల్ల మీద, అన్నాను. గది సగం నేలలోకి దిగి ఉండేది, మెట్లు దిగి వెళ్లాలి. తాళ్లు పైకప్పు కింద కట్టి ఉండేవి. ఎత్తు బల్ల ఎక్కి తడి దుప్పట్లు ఆరవేస్తున్నాను. మరి ఆయన? కింద తొట్టె మీదికి వంగి చూస్తున్నాడు, పని ఎలా అవుతోందో అని. ఒక పిల్లాడు వెళ్లి ఇదంతా బోర్డు మీద గీశాడు. నేల, తొట్టె, వంగిన సూపర్వైజరు, బల్ల, బల్ల మీద నేను. నన్ను పుల్లలా గీశాడు.

క్లోరిన్ గురించి పుస్తకంలో ఏముందో వెతకండి అంది కోడలు. గదంతా కాగితాల చప్పుడు. గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు అని ముగ్గురు ఒకేసారి అరిచారు. బరువైనది ఎక్కడికి పోతుంది? కిందికి. అయితే ఆ గదిలో అది ఎలా ఉంటుంది? రెండు జడల పిల్ల పరుగెత్తి వెళ్లి బోర్డు మీద నేల పొడుగునా సుద్దతో అడ్డంగా పూసింది, చెరువులా. సూపర్వైజరు తల అందులో మునిగింది. నా తల పైన ఉంది.

"మామ్మని కాపాడింది బల్ల," అంది పిల్ల గర్వంగా.

గదంతా చప్పట్లు. కోడలి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ల నా పౌరుషాన్ని తీసుకెళ్లి ఒక చెక్క బల్లకి రాసిచ్చేశారు. చంపినప్పుడు కూడా నాకు ఇంత అవమానం కాలేదు. లేచి వెళ్లిపోదామని కుర్చీ చేయి పట్టుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలో ఒకడు నిలబడ్డాడు. మందుల షాపావిడ కొడుకు. అంతవరకూ నోరు విప్పలేదు. ఆయన ఎలా బయటికొచ్చారు అని అడిగాడు. ఎలా రావడమేమిటి, తడి దుప్పటి మొహానికి చుట్టుకుని నేనే మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాను, దున్నపోతంత బరువు, నా నడుం అప్పుడు పోయింది ఇప్పటికీ రాలేదు అన్నాను. వాడు బోర్డు వంక చూశాడు. నా వంక చూశాడు.

"పైన ఉంటే మీకేం కాదు కదా మామ్మా. మరి కిందికెందుకు దిగారు?"

"ఏం ప్రశ్నరా అది," అన్నాను. "కింద మనిషి పడి ఉన్నాడు కదా."

ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ కూడా. ఎవరూ చావకుండానే గదంతా నిశ్శబ్దంగా ఉంది. నేను ఏమైనా తప్పు మాట అన్నానేమోనని కోడలి వైపు చూశాను. తను నా వైపే చూస్తోంది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా అలా చూడలేదు.

తర్వాత మళ్లీ పాఠంలో పడింది. అలాంటి చోట ఉంటే ఎత్తుకి, బయటి గాలికి పోవాలి, కేకలు వేసి పెద్దవాళ్లని పిలవాలి, ఒంటరిగా దిగకూడదు, అన్నిటికన్నా ముందు ఆ రెండూ ఎప్పుడూ కలపకూడదు అని పిల్లల చేతే చెప్పించింది. మామ్మ దిగింది కదా అని ఒకడంటే, మామ్మకి అప్పుడు ఈ పాఠం తెలియదు అంది. తెలిసుంటే దిగేవారు కాదా అన్నాడు వాడు. దానికి కోడలు జవాబు చెప్పలేదు. నన్నూ అడగలేదు.

గంట కొట్టబోతుండగా తనిఖీ ఆవిడ మొదటిసారి నోరు తెరిచింది. ఆ సూపర్వైజరు తర్వాత ఏమయ్యాడని అడిగింది. బతికాడు, తన కాళ్ల మీద తనే నడిచొచ్చానని ఊరంతా చెప్పుకుని తిరిగాడు అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కాగితాలు సర్దుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది.

పదిహేడో తారీఖు, శుక్రవారం

కబురు లేదు.

పద్దెనిమిదో తారీఖు, శనివారం

కబురు లేదు. మా అబ్బాయి బస్సు రెండు స్టాపుల దగ్గర ఆపకుండా పోయిందట, ప్రయాణికులు తిట్టారట. వాడి ధ్యాస ఎక్కడుందో నాకు తెలుసు. తనిఖీ ఆవిడ మొహం తలుచుకుంటే నాకు నీళ్లు కూడా దిగడం లేదు. కోడలు మాత్రం తేలిగ్గా ఉంది. సాయంత్రం నా నడుముకి మందు రాస్తూ, ఇన్నేళ్లూ ఆయన పడ్డాడు నేను నిలబడ్డాననే చెప్పారు గానీ దిగిన సంగతి ఎప్పుడూ చెప్పలేదేం అని అడిగింది.

చెప్పాను కదా, వాడు బరువని, అన్నాను.

అది సణుగుడు అనుకున్నాం అంది.

సణుగుడే, అన్నాను. ఇంకేమనుకోవాలి?

ఇరవయ్యో తారీఖు, సోమవారం

ఖాయమైంది.

మధ్యాహ్నం పెద్ద టీచరు పిలిచి చెప్పిందట. కోడలు బడి వదలగానే నడిచి రావలసిన దారంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఊపిరి అందక ఆ తుప్పు పట్టిన ఊచ పట్టుకుని నిలబడింది. మాట రావడం లేదు. తలాడించింది. అది అవుననా కాదనా అని నేను వరండాలోంచి అరిచాను. అవునని మళ్లీ ఆడించింది. అప్పుడు తెలిసింది, ఇన్ని రోజులుగా నేను భుజాలు చెవుల దాకా ఎత్తుకుని తిరుగుతున్నానని. అవి దిగాయి. కుర్చీలో వెనక్కి వాలాను. గాలి ఎంత బాగుందో. ఇది నిజంగా గాలి కోసమే, రాసుకో.

తనిఖీ ఆవిడ రాసిన మాటలు కోడలు రెండుసార్లు చదివి వినిపించింది. కథలు చెప్పడం మానవద్దట. కాకపోతే జరిగింది జరిగినట్టు చెప్పాలట, వీలైతే జరిగిన మనిషిని తీసుకురావాలట. పిల్లలు తమంతట తాము కారణం కనుక్కున్న పాఠం ఈ ఏడాది తాను చూసిన వాటిల్లో ఇదొక్కటేనట. నవ్వని మొహం వెనక ఇన్ని మాటలు దాచుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

మందుల షాపావిడ కూడా దారిలో ఆపి పలకరించింది. కొడుకు ఇప్పుడు ఒంటరిగానే బాత్రూముకి వెళ్తున్నాడట. స్టూలు పట్టుకెళ్తున్నాడట.

టైపిస్టు అర్జీ తీసి, దీన్నేం చేయమంటావక్కా అని అడిగింది. మూడు అంశాలూ ఒప్పుకున్నాక ఇంక కేసు ఎక్కడుంది, కొట్టేయమన్నాను. నా మాట పూర్తయ్యేలోపే చింపేసింది. ఈ రోజు కోసమే చూస్తున్నట్టుంది. రాసిన చేతికి అంత తొందర పనికిరాదన్నాను.

ఇరవై రెండో తారీఖు, బుధవారం

అంతా సర్దుకుందనుకుంటే ఇది.

మొన్న నేను వెళ్లింది 'ఏ' సెక్షనుకట. 'బీ' సెక్షనుకి కూడా ఆ కథే చెప్పి ఉందట మా కోడలు. వాళ్లూ లేచి నిలబడి మౌనం పాటించారట. ఇప్పుడు తప్పయిందని, మామ్మ బతికే ఉందని చెబితే ఒక్కరూ ఒప్పుకోవడం లేదట. 'ఏ' సెక్షనుకి తెచ్చింది డూప్లికేటు మామ్మ అంటున్నారట. తనిఖీ కోసం ఎవరినో కూర్చోబెట్టారంటున్నారట. అసలు మామ్మ పోయింది, మేము మౌనం కూడా పాటించాం అని వాదిస్తున్నారట.

కోడలు తల పట్టుకుని కూర్చుంది. నేను ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూడమన్నాను.

బతికున్నానని ఒక సెక్షనుకి నిరూపించాను, రెండో సెక్షనుకి నిరూపించలేనా? రేపు భోజనాలయ్యాక మొదటి పీరియడట. ఎన్ని ప్రశ్నలైనా అడగనీ. పుల్లలా గీస్తే మాత్రం ఊరుకోను.